కొలత మాటలు, మాట ఇచ్చే మాటలు

(పత్రికా రచనలో శిక్షణ పొందుతున్న విద్యార్థుల ముందు ఒక విశ్రాంత సబ్ఎడిటర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? సరే.

పత్రికా పరిభాష మీద ఓ గంట మాట్లాడమని నన్ను పిలిచారు. పరిభాష అనగానే నిఘంటువు తెరిచి మొదటి అక్షరం నుంచి మొదలుపెడతానేమోనని మీకు గుబులు పుట్టి ఉంటుంది. ఆ పని చేయను. అలా చేస్తే మీకంటే ముందు నాకే నిద్రొస్తుంది.

డెస్కులో, అంటే రిపోర్టర్లు పంపిన వార్తల్ని దిద్ది పేజీలో పెట్టే చోట, నా మొదటి రాత్రి గురించి చెబుతాను. చీఫ్ సబ్, అంటే మా సబ్ఎడిటర్లందరి మీదా పెద్ద, ఒక కాపీ తెచ్చి నా బల్ల మీద పడేశారు. "ఇది డీసీ అనుకున్నాం, సింగిల్ చేసెయ్. ఇంట్రో ఐదో పేరాలో ఉంది, పైకి లాగు. డేట్‌లైన్ తేడాగా ఉంది, రిపోర్టర్‌ని అడుగు. స్లగ్ మాత్రం మార్చకు" అని వెళ్లిపోయారు. తెలుగే వినపడింది, ముక్క అర్థం కాలేదు. కాపీ అంటే నకలు అనుకున్నాను, అసలు ఎక్కడుందా అని వెతికాను. (నవ్వులు) పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవారు. నా అవస్థ చూసి, "కంగారు పడకు బాబూ. వీటిల్లో సగం కొలతలే, స్కేలు ఉంటే తెలిసిపోతాయి. మిగతా సగంతోనే జాగ్రత్తగా ఉండాలి" అన్నారు.

ఆ మిగతా సగం ఏమిటో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మన భాషలో మాట అంటే పదం, మాట అంటే ఇచ్చిన వాగ్దానం కూడా. పత్రికాఫీసులో వాడే మాటల్లో కొన్ని చోటునూ టైమునూ కొలిచేవి. కొన్ని, ఎవరికో మాట ఇచ్చేవి. మొదటి రకంలో తప్పు చేస్తే పేజీ చెడుతుంది. రెండో రకంలో తప్పు చేస్తే ఏం చెడుతుందో తర్వాత చెబుతాను.

ముందు ఆ రాత్రి నాకు అర్థంకాని మాటల సంగతి తేల్చేద్దాం. కాపీ అంటే అచ్చుకు పోవాల్సిన రాత, రిపోర్టర్ పంపింది. డీసీ అంటే డబుల్ కాలమ్, రెండు కాలమ్‌ల వెడల్పున వచ్చే వార్త. సింగిల్ అంటే ఒక్క కాలమ్. కాబట్టి ఆయన చెప్పింది, "ఈ వార్త స్థాయి తగ్గింది, చిన్నది చెయ్" అని. స్లగ్ అంటే వార్తకు ఆఫీసులో పెట్టుకునే ముద్దుపేరు. "ట్యాంకు", "వరద-2" లాంటిది. అది పాఠకుడికి కనిపించదు. కానీ పేజీ వేసేవాళ్లూ, ఫొటో వెతికేవాళ్లూ, చీఫ్ సబ్బూ అందరూ ఆ పేరుతోనే వార్తను పట్టుకుంటారు. మధ్యలో మీరు ఇంకా అందంగా ఉంటుందని దాన్ని మారిస్తే వార్త మాయమైపోతుంది. నేను మార్చాను. అది వేరే కథ.

ఇంట్రో అంటే వార్త మొదటి పేరా. అమెరికా వాళ్లు దీన్నే లీడ్ అంటారు. సీసాన్ని కూడా ఇంగ్లిష్‌లో అదే స్పెల్లింగ్‌తో రాస్తారు. సీసపు అక్షరాలతో అచ్చువేసిన కాలంలో వరసల మధ్య ఎడం కోసం పలచని సీసపు రేకులు పెట్టేవారు. వాటితో కలిసిపోకుండా మొదటి పేరాకు స్పెల్లింగే మార్చి రాసుకున్నారని చెబుతారు. మనం ఇంట్రో అనడమే మేలు. ఎందుకంటే మన దగ్గర లీడ్ అంటే పేజీలో అన్నిటికన్నా పెద్ద వార్త అనే అర్థం కూడా ఉంది.

ఇంట్రో ఐదో పేరాలో ఉండటం ఏమిటి? అది చూపించి చెప్పాల్సిన సంగతి. ఆ రాత్రి కాపీ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంచుమించు ఇలా ఉండేది: "పట్టణ పాలక మండలి సాధారణ సమావేశం మంగళవారం ఉదయం 11 గంటలకు సమావేశ మందిరంలో జరిగింది. అధ్యక్షుడు అధ్యక్షత వహించారు. గత సమావేశం నివేదికను సభ్యులు ఆమోదించారు. వీధి దీపాల మీద చర్చ జరిగింది." ఇలా నాలుగు పేరాలు. ఐదో పేరాలో నింపాదిగా, "పాత నీళ్ల ట్యాంకు స్తంభాలకు పగుళ్లు వచ్చాయని, దాని పక్కనున్న బడిని వెంటనే ఖాళీ చేయించాలని ఇంజినీరు నివేదిక ఇచ్చారు."

చూశారా? సమావేశం ఏ వరసలో జరిగిందో రిపోర్టర్ ఆ వరసలోనే రాశాడు. ఒక్క సంగతీ వదల్లేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ పాఠకుడికి గత సమావేశం నివేదికతో ఏం పని? వాళ్ల పిల్ల ఆ బడిలో చదువుతోంది. దీన్నే లీడ్‌ను పాతిపెట్టడం అంటారు. నేను కిందామీదా పడి ఇలా మార్చాను: "పగుళ్లిచ్చిన నీళ్ల ట్యాంకు పక్కనున్న బడిని వెంటనే ఖాళీ చేయించాలని ఇంజినీరు నివేదిక ఇచ్చారు. ట్యాంకు సంగతి తేలేదాకా పిల్లలకు మరోచోట తరగతులు నడపాలని పట్టణ పాలక మండలి మంగళవారం తీర్మానించింది." ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలు మీకు ఈపాటికి బట్టీ పట్టించే ఉంటారు. ఆరింటినీ మొదటి వాక్యంలోనే కుక్కకండి. అలా కుక్కిన ఇంట్రో ఊపిరాడక చస్తుంది. వాటిలో ఏది ముఖ్యమో అదొక్కటి ముందుకు రావాలి.

ఆ తర్వాత ముఖ్యమైనవి పైన, కానివి కింద పేర్చుకుంటూ పోవడమే తలకిందుల పిరమిడ్. ఇది పాఠకుడి సౌకర్యం కోసమే పుట్టిందని క్లాసుల్లో చెబుతారు. డెస్కులో కూర్చున్నవాడికి ఇంకో ఉపయోగం తెలుసు. సీసపు అక్షరాల రోజుల్లో వార్త చోటుకు మించితే, కూర్చిన వరసల్ని కింది నుంచి తీసి పక్కన పెట్టేసేవారు. చదివి, ఆలోచించి, మధ్యలో కోసే తీరిక ఎవరికీ లేదు. వీధి దీపాల పేరా కింద ఉంటే అది పోతుంది, బడి పేరా కింద ఉంటే బడే పోతుంది. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కడైనా కోయొచ్చు గానీ, రాత్రి పన్నెండింటికి చెయ్యి కింది పేరా మీదకే పోతుంది.

పేజీ సంగతికి వద్దాం. మొదటి పేజీ నెత్తిన ఉండే పత్రిక పేరు మాస్ట్‌హెడ్. బ్రిటన్ అలవాటు ఇది, మనమూ అలాగే అంటాం. అమెరికాలో మాస్ట్‌హెడ్ అంటే సంపాదకుల పేర్లూ చిరునామా ఉండే పెట్టె. పత్రిక పేరును వాళ్లు నేమ్‌ప్లేట్ అనో ఫ్లాగ్ అనో అంటారు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం చదివేటప్పుడు అది ఏ ఒడ్డున అచ్చయిందో చూసుకుని చదవండి. మాస్ట్‌హెడ్‌కు రెండు పక్కలా ఉండే చిన్న పెట్టెలు ఇయర్ ప్యానెళ్లు, అంటే చెవులు. పేజీ వెడల్పంతా పరుచుకునే శీర్షికను మనవాళ్లు పతాక శీర్షిక అన్నారు. పరిభాషలో నాకు బాగా నచ్చిన తెలుగు మాట ఇది. పేజీ అడుగున అడ్డంగా వచ్చే కథనం యాంకర్, లంగరు. టీవీ వచ్చాక యాంకర్ అంటే మనిషి అయిపోయారు గానీ, మాకు మాత్రం యాంకర్ అంటే పేజీ గాలికి కొట్టుకుపోకుండా కింద పట్టి ఉంచేదే. పెద్ద వార్త పక్కన గీతల మధ్య పెట్టేది బాక్స్. మిగిలిన సందుల్లో ఇరికించేవి ఫిల్లర్లు. ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో తేలే వార్తను జంప్ అంటారు. పాఠకుల్లో చాలామంది ఆ దూకుడు దూకరు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని రాయండి.

అక్షరం కొలత పాయింట్. అంగుళానికి 72 పాయింట్లు. పన్నెండు పాయింట్లు ఒక పైకా, ఆరు పైకాలు ఒక అంగుళం. ఇవి అర నిమిషంలో వచ్చేస్తాయి. రానిదల్లా ఆ కొలతలో శీర్షిక ఇమడ్చడం. ఇంగ్లిష్ వాడికి ఒత్తుల బాధ లేదు. మనకు "స్త్రీ" అనే ఒక్క అక్షరం పైకీ కిందికీ ఎంత చోటు తింటుందో చూడండి. రెండు వరసల శీర్షికలో పై వరస ఒత్తు, కింది వరస గుడి ఢీకొంటాయి. అందుకే తెలుగు సబ్ఎడిటర్ ఎడం కోసమైనా మాట మారుస్తాడు. మన శీర్షికల్లో "మూత", "గండం", "సై" లాంటి పొట్టి మాటలు అన్నన్ని కనపడటానికి కవిత్వం కారణం కాదు, కాలమ్ వెడల్పు కారణం.

శీర్షికకు పైన చిన్న అక్షరాల్లో ఉండేది షోల్డర్, కొందరు కిక్కర్ అంటారు. కింద ఉండేది స్ట్రాప్ లేదా డెక్. ఫొటో కింద రాసేది క్యాప్షన్. క్యాప్షన్‌లో ఫొటోలో కనిపిస్తున్నదే మళ్లీ రాయొద్దు. "మాట్లాడుతున్న వక్త" అని రాస్తే, మూసిన నోటితో ఎవరైనా ప్రసంగిస్తారా?

ఇక్కడ నా పరువు పోయిన ఒక రాత్రి సంగతి. పేజీ వేసేటప్పుడు ఇంకా రాయని చోట చోటు పట్టడానికి ఉత్తుత్తి వాక్యం పెట్టేవాళ్లం. నేను పెట్టింది, "ఇక్కడ మంచి హెడ్డింగు రెండు వరసలు". పేజీ వదలాల్సిన టైము దాటిపోయింది, పైనుంచి కేకలు, వదిలేశాను. పొద్దున పేపరు విప్పితే, 36 పాయింట్లలో, "ఇక్కడ మంచి హెడ్డింగు రెండు వరసలు". నిజానికి ఆ వార్తకు నేను పెట్టబోయిన శీర్షిక అంత గుర్తుండేది కాదు. ఆ తర్వాత మా డెస్కులో ఒక నియమం పెట్టారు. ఉత్తుత్తి వాక్యంలో అసలు మాటలే ఉండకూడదు, వరసగా "క క క క" అని కొట్టాలి. చూడగానే కంట్లో గుచ్చుకుంటుంది కదా.

టైము అన్నాను కాబట్టి డెడ్‌లైన్. ఈ మాట పుట్టింది పత్రికాఫీసులో కాదు, జైల్లో. అమెరికా అంతర్యుద్ధం నాటి మాట. 1864లో ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధ ఖైదీల శిబిరం ఉండేది. గోడకు ఇవతల ఒక గీత, దాన్ని దాటిన ఖైదీని కాపలావాడు అక్కడికక్కడే కాల్చేయొచ్చు. అదే డెడ్‌లైన్. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పత్రికలు దాన్ని గడువుకు వాడుకోవడం మొదలుపెట్టాయి. మా చీఫ్ సబ్ మాత్రం దాన్ని పాత అర్థంలోనే వాడేవారు.

మ్యాగజైన్ వాళ్ల టైము వేరు. అక్కడ లీడ్ టైమ్ అంటారు. రాత మొదలైన రోజుకూ సంచిక చేతికొచ్చే రోజుకూ మధ్య వారాలు, నెలలు ఉంటాయి. ఎండలు మండుతుంటే వానాకాలం సంచికకు వ్యాసాలు దిద్దుతుంటారు. అందుకే "నిన్న", "మొన్న" అనే మాటలు మ్యాగజైన్ కాపీలో చెల్లవు. అసలు మ్యాగజైన్ అన్న మాటే చూడండి. అరబిక్‌లో గిడ్డంగి అని అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన ఖజానా కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే, ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన తన పత్రికకు జెంటిల్మన్స్ మ్యాగజైన్ అని పేరు పెట్టాడు. రకరకాల రాతలు దాచిన కొట్టు అని ఆయన ఉద్దేశం. అప్పటి నుంచి ఆ మాట పత్రికలకు అతుక్కుపోయింది.

ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల్ని కలిపి వాడితే స్ప్రెడ్. సరిగ్గా నడుమ పిన్నులు కొట్టే చోట వచ్చేది సెంటర్ స్ప్రెడ్. రెండు పేజీలు కలిసే లోయ గట్టర్. మనిషి ముఖాన్ని గట్టర్‌లో పడేయకండి, ముక్కు పోతుంది. బొమ్మ అంచు దాకా పారితే బ్లీడ్. అప్పుడు కాగితం కోతకు పోయే కొన్ని మిల్లీమీటర్లు కూడా బొమ్మలో అదనంగా ఉంచాలి. లేకపోతే అంచున తెల్లగీత వస్తుంది. వ్యాసంలోంచి ఒక మంచి వాక్యం తీసి పెద్ద అక్షరాల్లో మధ్యలో పెడితే పుల్ కోట్. పేజీలు ఫారాల లెక్కన, అంటే ఒకే పెద్ద కాగితం మీద కొన్నేసి కలిపి, అచ్చవుతాయి. అందుకే "ఒక్క పేజీ పెంచండి" అంటే ప్రెస్సువాళ్లు మీవంక జాలిగా చూస్తారు.

వార్తకూ ఫీచర్‌కూ తేడా కూడా ఈ గడువులోనే ఉంది. బడి ఖాళీ చేయించారన్నది వార్త, రేపటికి పాతబడుతుంది. ఆ బడి పిల్లలు మరోచోట, ఒకే గదిలో మూడు తరగతులుగా ఎలా చదువుతున్నారో వెళ్లి కూర్చుని రాస్తే అది ఫీచర్. వచ్చేవారం వేసినా చదువుతారు. ట్యాంకు సంగతి ఆర్నెల్ల తర్వాత ఏమైందో మళ్లీ వెళ్లి కనుక్కుంటే ఫాలోఅప్. పత్రికల్లో అన్నిటికంటే తక్కువ జరిగే పని ఇదే, నా లెక్కలో అన్నిటికంటే విలువైనదీ ఇదే.

ఇక రెండో రకం, మాట ఇచ్చే మాటలు. ఇక్కడ తప్పు చేస్తే చెడేది నమ్మకం.

డేట్‌లైన్‌తో మొదలుపెడతాను. వార్త మొదట్లో ఊరి పేరు, తేదీ ఉంటుంది కదా. వార్తలు ఓడల మీదా గుర్రాల మీదా వచ్చిన రోజుల్లో, ఇది ఎక్కడ, ఎప్పుడు బయల్దేరిన కబురో చెప్పడానికి పెట్టారది. ఇప్పుడు కబురు క్షణంలో వస్తోంది కాబట్టి చాలా పత్రికలు తేదీ తీసేశాయి, ఊరు మాత్రం ఉంచాయి. ఆ ఊరి పేరుకు అర్థం ఏమిటి? "మా మనిషి అక్కడ ఉన్నాడు" అని పాఠకుడికి చెప్పడం. ఆ రాత్రి చీఫ్ సబ్ తేడాగా ఉందన్నది ఇదే. సమావేశం జరిగింది ఒక ఊళ్లో, రిపోర్టర్ ఇంకో వార్త కోసం పక్క ఊరెళ్లి ఫోన్లో వివరాలు తీసుకున్నాడు, డేట్‌లైన్‌లో మాత్రం సమావేశం జరిగిన ఊరే పెట్టాడు. సమావేశం వివరాలన్నీ నిజమే. అబద్ధం ఆ ఒక్క మాటలోనే ఉంది.

బైలైన్, అంటే రాసినవారి పేరు. అది బిరుదు అనుకుంటారు కొత్తవాళ్లు, ఇంటికి ఫోన్ చేసి చెబుతారు. నేనూ చెప్పాను. కానీ అది పూచీకత్తు కాగితం మీద సంతకం లాంటిది. ప్రెస్ నోట్‌ను నాలుగు మాటలు మార్చి పైన పేరు పెట్టుకుంటే, ఎవరో చేసిన అప్పుకు మీరు సంతకం పెట్టినట్టే.

ఆఫ్ ది రికార్డ్ అనే మాట సినిమాల వల్ల బాగా చెడింది. ఆన్ ది రికార్డ్ అంటే చెప్పింది వేయొచ్చు, చెప్పినవారి పేరూ వేయొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ అంటే సమాచారం వాడొచ్చు, పేరు వాడకూడదు. "ఒక సీనియర్ అధికారి" అనాలా, "విషయం తెలిసిన వ్యక్తి" అనాలా అన్నది కూడా ముందే ఒప్పుకోవాలి. ఆఫ్ ది రికార్డ్ అంటే అచ్చుకు కాదు అని. ఒక్కో ఆఫీసులో వీటి అర్థాలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. కాబట్టి ఎదుటివాడు "ఇది ఆఫ్ ది రికార్డ్ సుమా" అన్నప్పుడు, "అంటే మీ ఉద్దేశం ఏమిటండీ, అసలు రాయొద్దనా, పేరు రాయొద్దనా?" అని అక్కడే అడగండి. మొహమాటపడొద్దు. ఇంకోటి, ఈ ఒప్పందం మాట చెప్పకముందు కుదరాలి. అంతా చెప్పేసి చివర్లో "రాయకండి" అంటే అది బతిమాలడం అవుతుంది, ఒప్పందం అవదు. అయితే పాపం మీడియాతో ఎప్పుడూ మాట్లాడని మామూలు మనిషి అలా అంటే, నేను రూలు పుస్తకం తీసేవాణ్ని కాను. రోజూ మైకుల ముందు నిలబడే నాయకుడంటే మాత్రం తీస్తాను.

కొన్ని సభల్లో "చాటమ్ హౌస్ రూల్" అని ముందే ప్రకటిస్తారు. 1927లో లండన్‌లో ఒక సంస్థ పెట్టుకున్న పద్ధతి ఇది. అక్కడ విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో, వాళ్లది ఏ సంస్థో బయటపెట్టకూడదు.

ఎంబార్గో. ప్రసంగ పాఠమో నివేదికో ముందుగానే ఇచ్చి, ఫలానా గంట దాకా వేయొద్దు అంటారు. మనకు చదువుకునే టైము దొరుకుతుంది, వాళ్లకు అందరూ ఒకేసారి వేస్తారన్న ధీమా ఉంటుంది. ఇందులో మేం ఒకసారి దొరికిపోయాం. సాయంత్రం సభలో మాట్లాడాల్సిన పెద్దమనిషి ప్రసంగం మధ్యాహ్నమే చేతికిచ్చారు. మొదటి ఎడిషన్ తొందరలో ఉన్నాం. "అన్నారు", "స్పష్టం చేశారు", "సభికులు చప్పట్లు కొట్టారు" అని వార్త సిద్ధం చేసి పేజీలో పెట్టేశాం. ఆయనకు ఒంట్లో బాగాలేక సభే జరగలేదు. కబురు మాకు చేరేసరికి మొదటి ఎడిషన్ లారీ వెళ్లిపోయింది. ఆ చప్పట్లు ఎవరు కొట్టారో నాకు ఈ రోజుకీ తెలీదు. (నవ్వులు) అలాంటి కాగితాల మీద "ప్రసంగంతో సరిచూసుకోండి" అని ఒక వరస ఉంటుంది, దాన్ని దస్తావేజులా చదవండి.

సంపాదకీయం పత్రిక అభిప్రాయం, అందుకే దానికి బైలైన్ ఉండదు. దానికి ఎదుటి పేజీ ఆప్-ఎడ్. అది వ్యతిరేక అభిప్రాయం అని చాలామంది అనుకుంటారు. ఎడిటోరియల్‌కు ఎదురుగా ఉండే పేజీ అని మాత్రమే దానర్థం. న్యూయార్క్ టైమ్స్ 1970లో ఆ పేరుతో పేజీ మొదలుపెట్టాక మాట అన్నిచోట్లకూ పాకింది. వార్తలా కనిపించే ప్రకటన అడ్వర్టోరియల్. దాని నెత్తిన "ప్రకటన" అన్న మాట కనిపించేంత పెద్దగా ఉండాలి. భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిన సైజులో వేస్తే, మాట ఇచ్చినట్టే ఇచ్చి జేబులో దాచుకున్నట్టు.

శీర్షిక నేను రెండు కుప్పల్లోనూ వేస్తాను. కొలతకు ఇమడాలి, మాటా నిలబెట్టుకోవాలి. ట్యాంకు వార్తకు ఆ రాత్రి నేను రాసిన మొదటి శీర్షిక "కూలనున్న ట్యాంకు". చీఫ్ సబ్ కొట్టేశారు. "పగుళ్లు వచ్చాయన్నాడు ఇంజినీరు. కూలుతుందని ఎవరన్నారు, నువ్వా?" అన్నారు. రెండోది "ట్యాంకు కూలుతుందా?" దాన్నీ కొట్టేశారు. "తెలిస్తే చెప్పు, తెలియకపోతే పాఠకుణ్ని అడక్కు." మన పత్రికల్లో ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం పెట్టి తప్పించుకునే అలవాటు మీకు తెలుసు కదా. నిర్ధారణ కాని మాటకు తోకలా ఒక గుర్తు తగిలిస్తే బాధ్యత తీరిపోయిందనుకుంటాం. చివరికి అచ్చయింది "ట్యాంకుకు పగుళ్లు / బడికి సెలవు" అని. అదీ తప్పే నిజానికి. సెలవు ఇవ్వలేదు, తరగతులు మార్చారు. మర్నాడు ఫోన్లు వచ్చాయి. ఆ మర్నాడు రెండో పేజీలో "సవరణ" అని మూడు వరసలు వేశాం. నేను రాసిన మొదటి సవరణ అది. దానికి బైలైన్ ఉండదు.

సరే, మాటలు చాలు. ఇప్పుడు మీకు తలా ఒక కాగితం ఇస్తున్నారు. అందులో పది పేరాల కాపీ ఉంది. ఇంట్రో ఎక్కడ పాతిపెట్టి ఉందో వెతకండి, పైకి తీయండి, సింగిల్ కాలమ్‌కు కోయండి. రెండు వరసల శీర్షిక, వరసకు ఎనిమిది అక్షరాలు దాటొద్దు. డేట్‌లైన్ కూడా ఒకసారి అనుమానంగా చూడండి. ఇరవై నిమిషాలు. స్లగ్ మాత్రం మార్చకండి.